ముప్పై, పదిహేను, పది లో

ఫిబ్రవరి 3, సోమవారం

అమ్మాయి కారు కొన్నది. మా వంశంలో మొట్టమొదటి కారు. కొత్తది కాదు, ఎవరో ఆరేళ్ళు నడిపిందే. అయినా మా వడ్రంగి షాపు ముందు ఆగేసరికి వీధి వీధంతా తలతిప్పి చూసింది. ఎదురు మందుల షాపాయన మెట్లు దిగి వచ్చి "ఎవరిదండీ?" అన్నాడు. "మా అమ్మాయిది" అని రెండుసార్లు చెప్పాను. మొదటిసారే ఆయనకి వినపడిందనుకుంటాను.

కారు చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ ముందు బానెట్ ఎత్తమంటారు. నేను వెనక్కి వెళ్ళి డిక్కీ తలుపు ఎత్తి టేపు తీశాను.

"నాన్నా, ముందు లోపల కూర్చుని చూడవా?"

"కూర్చోడానికేముందే, ఎవరైనా కూర్చుంటారు."

కారు షికారుకి కాదట, పనికట. రెండేళ్ళుగా ఎవరిదో జిమ్ములో ఆడవాళ్ళకి కసరత్తులు నేర్పుతోంది. పోయిన వారం ఆ ఉద్యోగం మానేసింది. పార్కు పక్క మైదానంలో సొంతంగా క్లాసు పెడుతుందట. అరవై మంది పేర్లిచ్చారు. అక్కడ కరెంటు లేదు, గోడ లేదు, కప్పు లేదు. కారు వెనక్కి తిప్పి డిక్కీ ఎత్తి, దాంట్లోంచే పాటలు పెడుతుంది.

"కారులో స్పీకర్లున్నాయిగా?"

"అవి కీచుమంటాయి నాన్నా. అడుగు పడాలంటే చెవికి వినపడితే చాలదు, పొట్టలో తగలాలి. పెద్ద వూఫర్ కావాలి. ఇరవై మూడు ఆదివారం మొదటి క్లాసు. ఆ రోజు చప్పగా ఉందనుకో, రెండో వారం ఎవ్వరూ రారు. నాకు వెనక ఉద్యోగం కూడా లేదు."

దాన్ని బిగించే చెక్క పెట్టె నేనే చెయ్యాలంది. దానికి అడగాలా? వూఫరూ వైర్లూ బాబాయి చూసుకుంటాడంది. దానికి నన్నడగాలి. అడగలేదు.

దానికి బాబాయి. నాకు గోడవతలవాడు. ప్లైవుడ్ షాపువాళ్ళు ఏటా డైరీ ఇస్తారు, ఏటా మొదటి పేజీలో ఒకటే ఒట్టు రాసుకుంటాను: వాడి వరస ఇందులో రాయను. నాలుగు డైరీలయ్యాయి. ఒట్టు తప్పలేదు.

ఫిబ్రవరి 4

డిక్కీ లోపల వెడల్పు 41 అంగుళాలు. మూతి దగ్గర 38. లోపల కొలిచి మూతి కొలవనివాడు మేస్త్రి కాడు. అలా చేసిన పెట్టె సగం లోపలికి వెళ్ళి ఇరుక్కుంటుంది. చూశాను అలాంటివాళ్ళని.

ఫిబ్రవరి 6, గురువారం

పెట్టె ఎలాంటిది పెట్టాలన్న దగ్గర పేచీ మొదలైంది.

స్టెప్నీ గుంటలో దూరిపోయే రెడీమేడ్ పెట్టెలు వస్తున్నాయిప్పుడు. దాని బొమ్మ అమ్మాయి ఫోనులో చూపించింది. "అప్పుడు స్టెప్నీ ఎక్కడ పెడతావు, నెత్తినా?" అన్నాను. అదక్కడితో పోయింది.

మిగిలినవి రెండు. నాలుగు వైపులా మూసేసిన పెట్టె ఒకటి. గాలి గొట్టం పెట్టి ముందు కన్నం వదిలిన పెట్టె ఒకటి. ముప్పై ఏళ్ళుగా నా పేరు నిలబెట్టింది మూసిన పెట్టె. నీళ్ళు పోసి బోర్లించినా చుక్క కారదు. ఊపిరి కూడా నన్నడిగే బయటికి రావాలి. మూసిన పెట్టెలో శబ్దం మర్యాదగా ఉంటుంది, ఎంత కొట్టాలో అంతే కొట్టి ఆగుతుంది. కన్నం పెట్టె అలా కాదు, వాగుడుకాయ.

అమ్మాయి గోడవతలికి వెళ్ళి వచ్చింది. "బాబాయి గొట్టం పెట్టిందే చెయ్యమంటున్నాడు."

"నా పెట్టెకి కన్నమా!"

"కన్నం కాదు నాన్నా, పోర్టు."

"పేరు మారిస్తే కన్నం పూడుతుందా? నాలుగు పలకలు గాలి చొరకుండా బిగించడానికి నేను నాలుగు గంటలు కష్టపడాలి, ఆపైన ఆయనగారు వచ్చి బొక్క పెట్టమనాలి."

ఈ మాట కాస్త గట్టిగానే అన్నాను. మధ్యలో ఉన్నది చెక్క గోడ. అవతల దగ్గు వినపడింది. వాడికి దగ్గు లేదు.

ఫిబ్రవరి 8

ఈ గోడ సంగతి కూడా రాయాలి. మా నాన్న ఇచ్చిన షాపు ఒకటే గది. నాలుగేళ్ళ క్రితం నేనే మధ్యలో గోడ కట్టాను. ముప్పావు అంగుళం చెక్క, నిలువుగా ఆరు పలకలు, ఎక్కడా సందు లేదు. ఆ వారం మనసెలా ఉన్నా ఒక్క కోత వంకర పోలేదు. ఇవాళ్టికీ ఒక్క పలక వంగలేదు. చూసినవాళ్ళు "గోడ బాగుంది మేస్త్రీ" అంటారు.

ఫిబ్రవరి 9, ఆదివారం

పొద్దుటినుంచి ఇదే రంధి. నేను ఇటు నుంచి "చెప్పవే మీ బాబాయికి, కన్నం పెట్టెకి చోటు ఎక్కువ కావాలి, ఆ పిల్ల చాపలు ఎక్కడ పెట్టుకుంటుంది?" అంటాను. అటు నుంచి "మీ నాన్నకి చెప్పమ్మా, చాపలు వెనక సీటు మీద పడుకుంటాయి, వాటికేం నొప్పి?" అని వస్తుంది. "చెప్పు, నేను వాగుడుకాయ పెట్టెలు చెయ్యను." "చెప్పు, నోరు లేనివాడు క్లాసు చెప్పలేడు."

అమ్మాయి సుత్తి తీసి గోడ మీద రెండు దెబ్బలు వేసింది. "ఇద్దరికీ అన్నీ వినపడుతున్నాయి. మధ్యలో నేనేమన్నా టెలిఫోన్ తీగనా?"

సాయంత్రం మా ఆవిడ కూడా అందుకుంది. ఆవిడ దర్జీ. ఇంటి ముందు గదిలో మిషను. పెట్టెకి నల్లటి గుడ్డ తొడుగు ఆవిడే కుట్టాలి. "మీ..." అని ఆ వరస పలికి, "ఆయన వైర్లూ శబ్దాలూ చదివినవాడు. ఒక్కసారి వింటే పోయేదేముంది?" అంది. "వినే నాలుగేళ్ళయింది" అన్నాను. ఆవిడ నోట్లో పిన్నులున్నాయి. లేకపోతే ఇంకా ఏమన్నా అనేదే.

ఫిబ్రవరి 11, మంగళవారం

మైదానంలో పరీక్ష. ఇది అమ్మాయి ఎత్తు. గోడవతలవాడి షాపులో రెండు పాత పెట్టెలున్నాయి. ఒకటి మూసింది, ఎనిమిదేళ్ళనాటిది, నేను చేసిందే. చూడగానే గుర్తుపట్టాను. మూలలు ఇంకా కత్తిలా ఉన్నాయి. రెండోది గొట్టంది, ఎవరో చేసింది. ఎవరో అని మూలలే చెబుతున్నాయి.

వాడూ వచ్చాడు. మైదానానికి రెండు చివరలుండటం మంచిదైంది. వాడు ఆ చివర, నేను ఈ చివర.

ముందు డిక్కీ మూసి, నన్ను లోపల కూర్చోబెట్టి నా పెట్టె మోగించింది. అబ్బ! వీపు నిమిరినట్టుంది. "విన్నావా?" అన్నాను. "విన్నాను. ఇప్పుడు దిగి ముప్పై అడుగులు నడువు" అంది. డిక్కీ తలుపు ఎత్తింది. నడిచాను. పది అడుగుల్లో సగమైంది. ముప్పై అడుగుల దగ్గర వెనక్కి తిరిగి చూశాను, ఆపేసిందేమోనని. ఆపలేదు.

తర్వాత ఆ అడ్డదిడ్డం మూలల పెట్టె పెట్టింది. ముప్పై అడుగుల దగ్గర కూడా చొక్కా గుండీ అదిరింది.

కారులో నలుగురు కూర్చుని వినడానికి మూసిన పెట్టెని మించింది లేదు. ఆరుబయట, డిక్కీ తెరిచి, అరవై మందికి అయితే గొట్టం పెట్టె. ఈ సంగతి నాకు మొదటినుంచీ తెలుసు. అమ్మాయికి అనుభవం మీద తెలిసి రావాలని ఆగానంతే.

"సరే, కన్నం పెడతాను. కానీ కన్నం కూడా ఎలా ఉండాలో చూపిస్తాను" అన్నాను. ఆ చివరనుంచి వాడు చూస్తున్నాడు. జుట్టు నెరిసింది వాడికి. గోడకి ఇంత దగ్గరలో ఉండి గమనించలేదు.

ఫిబ్రవరి 13, గురువారం

చీటీ వచ్చింది. గోడవతలవాడు లెక్కకట్టి చెబితే అమ్మాయి రాసి తెచ్చింది. 30 × 15 × 10 లో. గొట్టం కొలతలు కింద వేరే ఉన్నాయి.

పొడవు ముప్పై, ఎత్తు పదిహేను, లోతు పది. ఏది లోతో కూడా రాసి మరీ పంపారు, నేనేదో తికమక పడతానని.

మా ఆవిడ తొడుగు కోసం చీటీ తీసుకుని చూసింది. "ఇది దేని కొలత? ఒంటి కొలతా, బట్ట కొలతా?"

"చెక్కకి ఒళ్ళేమిటే?"

"ఒంటి కొలత ఒకటి, బట్ట కొలత ఒకటి. అడక్కుండా నేను కత్తెర పెట్టను."

దర్జీలకి ప్రపంచమంతా బట్టే. ఈ ప్రశ్న ఇదివరకు కూడా ఒకసారి అడిగింది.

ఫిబ్రవరి 15

కోత అయింది. ఆరు పలకలు, ఒక్కటి కూడా మళ్ళీ రంపం కిందికి రాలేదు.

ఫిబ్రవరి 16

నా చేతికి నేనే దిష్టి పెట్టుకుంటానేమో.

ఫిబ్రవరి 18, మంగళవారం

గొట్టం కూర్చాను. కన్నం అంచులు గుండ్రంగా తిప్పి, వేలు పెడితే ఎక్కడ మొదలయిందో తెలియనట్టు చేశాను. రెడీమేడ్ వాళ్ళు ఇక్కడ ఒక ప్లాస్టిక్ ముక్క గుచ్చేసి చేతులు దులుపుకుంటారు. నేను కన్నం పెట్టినా అది నా కన్నం. స్టెప్నీ కావాల్సి వచ్చినప్పుడు పెట్టె ఎత్తి పక్కన పెట్టుకోవాలి కదా, అందుకని రెండు వైపులా చేతిపిడులు కూడా పెట్టాను. ఎవరూ అడగలేదు. మేస్త్రి అన్నాక అడగనిది కూడా చెయ్యాలి.

అమ్మాయి వచ్చి పెట్టె మీద చెయ్యి వేసి రాసింది. "నాన్నా, ఇది గుడ్డ కింద దాచేస్తామంటే బాధగా ఉంది."

దాన్ని చిన్నప్పటినుంచీ చిన్నమేస్త్రి అంటాను. ఆరేళ్ళప్పుడే టేపు సరిగ్గా పట్టుకునేది. కసరత్తుల టీచరయినా ఏం, చెక్క మీద చెయ్యి ఎలా వెయ్యాలో తెలుసు.

ఫిబ్రవరి 20, గురువారం

పొద్దున పెట్టె గోడవతలికి పంపాను. పని చేస్తున్నట్టు కూర్చుని వింటున్నాను.

వాడు పెట్టె చుట్టూ తిరిగినట్టున్నాడు. చెప్పుల చప్పుడు నాలుగు వైపులా వినపడింది. "ఈ మూల చూడమ్మా. వెంట్రుక దూరదు. ఇలా చేసేవాడు ఇంకొకడు లేడు" అన్నాడు. నేను రంపం ఆపాను. అది రంపం వేడెక్కిందని.

వూఫర్ బిగించాడు. మోగించాడు. ధమ్ అనాల్సింది డబడబ అంటోంది. ఖాళీ డబ్బా కొట్టినట్టు. గొట్టం విప్పాడు, మళ్ళీ పెట్టాడు. మళ్ళీ డబడబ. టేపు లాగిన చప్పుడు. మూడు వైపులా కొలిచినట్టున్నాడు.

చివరికి మెల్లగా అన్నాడు. "చిన్నదైందమ్మా. మళ్ళీ అదే."

మళ్ళీ అదే!

నాలుగేళ్ళ క్రితం ఒక టాక్సీల యజమాని తన కొత్త బండికి పెట్టె చెయ్యమన్నాడు. మంచి పెట్టె అయితే ఇంకా పదకొండు బండ్లకి మావే. అదివరకు ఏ పెట్టెకైనా గోడవతలవాడు నా పక్కన నిలబడి కొలతలు నోటితో చెప్పేవాడు, నేను కోసేవాణ్ణి. అప్పటికి గోడ లేదుగా. ఆ వారం వూఫర్లు తేవడానికి వేరే ఊరు వెళ్తూ, మొదటిసారి చీటీ రాసి నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. చీటీలో ఉన్నట్టే చేశాను. పెట్టె ఇలాగే డబడబలాడింది. యజమాని ముందే వాడు "చిన్నదైంది అన్నయ్యా" అన్నాడు. చీటీలో ఉన్నట్టే ఉందన్నాను. లేదన్నాడు. యజమాని మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి వెళ్ళిపోయాడు. పదకొండు బండ్లూ ఆయన వెనకే వెళ్ళిపోయాయి. అప్పుడు నేను ఒక మాట అన్నాను. అది ఇక్కడ రాయను.

ఆ చీటీ నా దగ్గరే ఉంది. పాత జిగురు డబ్బాలో, సాక్ష్యంగా దాచాను. ఎవరైనా అడిగితే చూపిద్దామని. నాలుగేళ్ళలో ఎవరూ అడగలేదు.

నేను డబ్బా కోసం లేవబోతుండగా అమ్మాయి వచ్చింది. చేతిలో తన చీటీ.

"నాన్నా, చీటీలో ఎంత ఉంది?"

"ముప్పై, పదిహేను, లోతు పది. కొలుచుకో. వెంట్రుకవాసి తేడా ఉంటే నా మీసం తీసేస్తాను."

"లోతు ఎక్కడుంది?"

"ఇదేమిటి మరి? పది పక్కన లో."

అమ్మాయి చీటీ బల్ల మీద పరిచి ఆ అక్షరం మీద వేలు పెట్టింది. "నాన్నా, అది లోతు కాదు. లోపల. మూడూ లోపలి కొలతలు. వూఫర్‌కి కావాల్సింది లోపల ఉన్న గాలి కదా, అందుకని బాబాయి ఎప్పుడూ లోపలి కొలతే చెబుతాడు. ఆయన ‘లో’ అన్నాడు, నేను ‘లో’ అని రాశాను."

నేను బయటికి ముప్పై చేశాను. రెండు వైపులా ముప్పావు అంగుళం చెక్క పోతే లోపల ఇరవై ఎనిమిదిన్నర. అటూ అంతే, ఇటూ అంతే. మూడు వైపులా ఒకటిన్నర అంగుళం పోతే పెట్టెలో పావు వంతుకి పైగా గాలి ఎగిరిపోయినట్టే.

అది వెళ్ళాక జిగురు డబ్బా మూత తీశాను. తుప్పు పట్టింది, ఉలి పెట్టి లేపాల్సి వచ్చింది. చీటీ అలాగే ఉంది. వాడి దస్తూరీ, కుడివైపుకి వాలి. 32 × 15 × 14 లో.

నాలుగేళ్ళుగా సాక్ష్యం నా దగ్గరే ఉంది. ఎవరి మీద సాక్ష్యమో చూసుకోలేదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

పని చెయ్యలేదు.

అయినా తప్పు నాదొక్కడిదేనా? "లోపల" అని నాలుగక్షరాలా రాస్తే కలంలో సిరా అయిపోతుందా?

నాలుగు కాదు. మూడే.

అడిగితే నా నోట్లో ముత్యాలు రాలిపోతాయా? మా ఆవిడ అప్పుడు కూడా అడిగింది, ఒంటి కొలతా బట్ట కొలతా అని. అప్పుడు కూడా నవ్వాను. మా ఇంట్లో ఒక్కళ్ళకే కొలవడం వచ్చు. అది నేను కాదు.

మధ్యాహ్నం అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నా, నువ్వేం దిగులు పడకు. బాబాయి దగ్గర ఆ పాత గొట్టం పెట్టె ఉందిగా, దాంతో సరిపెట్టుకుంటాను." నన్ను ఏమన్నా అన్నా బాగుండేది. నా కూతురు, తన మొదటి రోజున, ఎవరో అడ్డదిడ్డంగా కోసిన మూలల పెట్టెతో సరిపెట్టుకుంటుంది.

ఆ రోజు అన్న మాట రాసేస్తాను. రాయకపోయినంత మాత్రాన అననట్టవుతుందా? మా నాన్న పోయేముందు తన టేపు నా చేతికిచ్చాడు. పెద్దవాణ్ణని ఇచ్చాడు, అంతే. నేను టాక్సీ యజమాని ఇంకా గుమ్మం దాటకముందే వాడితో అన్నాను: "నీకు కొలత రాదనే నాన్న నీ చేతికి టేపు ఇవ్వలేదు."

మర్నాడు నేను గోడ కడుతుంటే వాడు అవతల నిలబడి చూశాడు. చివరి పలక పెట్టేటప్పుడు బరువుగా ఉంటే ఒక చివర పట్టుకున్నాడు కూడా. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నాకు నేను కూడా.

ఫిబ్రవరి 22, శనివారం

పొద్దున్నే ప్లైవుడ్ షాపుకి వెళ్ళాను. ముప్పావు అంగుళం పలక నిండుకుంది, సోమవారం వస్తుందట. ఇంకో రెండు షాపులు తిరిగాను. సన్నవే ఉన్నాయి. సన్న చెక్కతో పెట్టె చేస్తే శబ్దానికి పెట్టే వణుకుతుంది. రేపు పొద్దున ఆరున్నరకి క్లాసు.

షాపుకొచ్చి కూర్చున్నాను. కూర్చుంటే ఎదురుగా ఏముంది? గోడ. ముప్పావు అంగుళం. ఆరు పలకలు. నాలుగేళ్ళలో ఒక్కటి వంగలేదని రాసింది నేనే కదా. ఒక్క పలక చాలు పెట్టెకి.

దగ్గరికి వెళ్ళి చూస్తే ఇంకొకటి కనపడింది. మేకులు కాదు, స్క్రూలు. అంత కోపంలో కట్టినవాణ్ణి నాలుగు మేకులు కొట్టి పడేయక, ప్రతి పలకకీ పన్నెండు స్క్రూలు బిగించాను. అవతలివైపు కూడా బిగించాను, అటువైపుకెళ్ళి మరీ. మేస్త్రి చేతికి మేస్త్రి కంటే ఎక్కువ తెలుసు.

మొదటి స్క్రూ కిర్రుమంది. అవతల చప్పుడు ఆగింది. రెండోది తిప్పాను. మూడోది. ఇటువైపు ఆరూ వచ్చేశాయి. అటువైపు ఆరున్నాయి, వాటికి నేను అటు వెళ్ళాలి.

వెళ్ళనక్కరలేకపోయింది. అవతలనుంచి కూడా కిర్రుమంది. తమ్ముడు స్క్రూడ్రైవరు తీసుకుని విప్పుతున్నాడు.

పలక ఇద్దరం పట్టుకుని దించాం. తలుపు వెడల్పున దారి పడింది. ఇద్దరం దానికి చెరోవైపు నిలబడ్డాం. నేను జేబులోంచి పాత చీటీ తీసి ఇచ్చాను.

"ఇదేంటి?" అన్నాడు. చదివాడు. "ఇది ఇంకా ఉంచావా?"

"నువ్వు లోపల అని రాశావు. నేను లోతు అని చదివాను."

చీటీ వెలుతురులోకి పట్టుకుని చూశాడు. "పూర్తిగా రాయాల్సింది" అన్నాడు.

"అడగాల్సింది" అన్నాను. "ఇంకోటి కూడా ఉంది. ఆ రోజు నాన్న టేపు గురించి అన్నది. అది తప్పు. చీటీ తప్పు కాదు, అది తప్పు."

వాడు ముక్కు తుడుచుకున్నాడు. నేనూ అంతే. షాపులో రంపపు పొట్టు ఎక్కువైంది. నేను నడుముకున్న టేపు తీసి వాడి చేతిలో పెట్టాను. "నువ్వు కొలువు. నేను కోస్తాను."

"లోపల ముప్పై అన్నయ్యా" అన్నాడు వాడు. "లో-ప-ల."

"వినపడింది. బయట ముప్పై ఒకటిన్నర."

పాత పెట్టెలోంచి గొట్టం విప్పి కొత్తదాంట్లో పెట్టాం. మధ్యాహ్నం మూడింటికల్లా జిగురు పెట్టి బిగించాం. తొడుగు మళ్ళీ కుట్టాలని భయపడుతూ ఇంటికి వెళ్తే, మా ఆవిడ తలెత్తకుండా చేయి చాపింది. "కుట్టులో రెండేసి అంగుళాలు వదిలాను. మీ సంగతి నాకు తెలుసు." పది నిమిషాల్లో విప్పి ఇచ్చింది.

అమ్మాయి వచ్చి గోడలో దారి చూసింది, పెట్టె చూసింది, మా ఇద్దరినీ చూసింది. "మిగతా ఐదు పలకలూ ఏం చేస్తారు?" అంది.

"ఆర్డర్లు రానీ" అన్నాడు వాళ్ళ బాబాయి.

ఫిబ్రవరి 23, ఆదివారం

అరవై అనుకున్నాం. ఎనభై నాలుగు మంది వచ్చారు. మా ఆవిడ లెక్కపెట్టింది. ఆవిడ లెక్కపెడితే తిరుగులేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

అమ్మాయి కారు వెనక్కి తిప్పి డిక్కీ ఎత్తింది. నల్లటి తొడుగులో పెట్టె బుద్ధిగా కూర్చుని ఉంది. తమ్ముడు మీట తిప్పాడు. ధమ్! డబడబ కాదు, ధమ్. గడ్డి మీద మంచు కూడా ఉలిక్కిపడి ఉంటుంది. మొదటి వరసలో ఒక పెద్దావిడ, డెబ్భై ఉంటాయేమో, చేతికర్ర పక్కన పెట్టి, పాట మొదలవకముందే అడుగు వెయ్యడం మొదలుపెట్టింది. అమ్మాయి "ఒకటి, రెండు" అంటే ఎనభై నాలుగు జతల కాళ్ళు ఒక్కసారే నేల మీద పడ్డాయి. నేను ముప్పై అడుగులు నడిచాను. అరవై నడిచాను. మైదానం చివరిదాకా వెళ్ళి నిలబడ్డాను. చొక్కా గుండీ అదురుతూనే ఉంది. కళ్ళు తుడుచుకున్నాను. అంత దూరంలో ఎవరూ చూడరు.

మందుల షాపాయన కూడా వాకింగ్‌కి వచ్చాడు. "ఆ పెట్టె ఎవరు చేశారండీ?" అన్నాడు.

"మేం" అన్నాను. ఆయనకి వినపడలేదేమోనని ఇంకోసారి కూడా చెప్పాను. "నేనూ మా తమ్ముడూ."

క్లాసు అయ్యాక అమ్మాయి చుట్టూ ఆడవాళ్ళు మూగారు. ఒకావిడ తన కారుకి కూడా ఇలాంటిదే కావాలంది, కాకపోతే మూసిన పెట్టె, లోపల కూర్చుని వినడానికి. నేను తమ్ముడి వంక చూశాను. నేనేమీ అనలేదు. నా మొహమే అంది.

తమ్ముడు అక్కడే ఆవిడ డిక్కీ కొలిచాడు. నాన్న టేపుతో. లోపల కొలిచి, అడక్కుండానే మూతి కూడా కొలిచాడు. జేబులోంచి కాగితం తీసి రాయబోయి ఆగాడు.

"ఈసారి లోపల అని పూర్తిగా రాస్తాను అన్నయ్యా."

"రాయకు" అన్నాను. "పక్కనే ఉన్నావుగా. నోటితో చెప్పు."